ఎడమవైపు తలుపు

మా అమ్మ మాక్వాలా మెడకింద ఒక వాపు
అరవై ఏళ్లుగా కాపురముంది,
నొప్పీ సలుపూ లేకుండా, పెంపుడు పిల్లిలా.
కొండనీళ్లలో అయోడిన్ లేదని కనిపెట్టి
సర్కారువాళ్లు ఉప్పు పొట్లాలు పంచేనాటికి
అదామెకు మెళ్లో నగలా అలవాటైపోయింది.
అందుకే మనవరాలి మెడ ఉబ్బినప్పుడు
"నా పోలికే" అంది,
కొంచెం మురిపెంగా కూడా.

పోలిక కాదది.
ఎర్రగా ఉంది. చెయ్యి పెడితే పొయ్యిమీది పెనం.
ఎడమపక్కనే.
ఏడేళ్ల సిదోనియా
ఉమ్ము మింగేముందు కాసేపు ఆలోచించేది,
వాగు దాటబోయే మేకపిల్లలా.

అప్పటికది మూడోసారి.
మొదటిసారి జలుబు వెనకాలే వచ్చింది, గాటుపెట్టి చీము తీశారు.
రెండోసారీ జలుబు వెనకాలే,
ఆ గాటు పక్కనే ఇంకో గాటు.
తగ్గింది. గొర్రెను కోసి ఊరందరికీ పెట్టాం.
తగ్గడమంటే పోవడమనుకున్నాం.

మెస్తియా నుంచి కుతాయిసీకి వ్యాను తోలడం నా బతుకు.
జున్ను గంపలు, కోళ్లు, తాగి నిద్రపోయే పెళ్లివారు,
అందర్నీ మోశాను ఆ మలుపుల్లో.
ఆరోజు వెనకసీట్లో నా బిడ్డ.
ప్రతి గుంతకీ రోడ్డు వదిలి అద్దంలోకి చూశాను.
ఎవరూ నన్ను తిట్టలేదు.

డాక్టర్ లామారా సన్నగా, పొడిదగ్గుతో,
చాక్‌పీసులా ఉంటుంది.
"థైరాయిడ్ మొండిఘటం" అంది.
"గట్టి పొర, నిండా నెత్తురు, లోపల అయోడిన్.
మామూలుగా క్రిములు దాని గడప తొక్కవు.
మూడుసార్లు తొక్కాయంటే
ఎక్కడో తలుపు తెరిచి ఉంది."

మా ఊళ్లో ఇంటింటికీ ఒక రాతి బురుజు.
గుమ్మం రెండు నిలువుల ఎత్తున,
పగవాడొస్తే నిచ్చెన పైకి లాగేసుకునేవాళ్లు తాతలు.
అలాంటి ఊరి పిల్లకి
గొంతులోపలే దొంగదారి!

రెండువారాలు నరంలోకి మందు ఎక్కించారు.
తర్వాత ఇంటికి పంపేశారు, నెలన్నర ఆగమని.
"ఇప్పుడు వాపు దారిని నొక్కేసి ఉంది.
మంటలు ఆరాకే కదా, ఏ కిటికీ తెరిచుందో తెలిసేది."
ఆ నెలన్నరా పిల్ల తుమ్మితే
ఇల్లంతా ఊపిరి బిగబట్టింది.

మళ్లీ వెళ్లాం. తెల్లటి మందు తాగించారు.
సున్నంలా ఉందని ఏడ్చింది.
ఎక్స్‌రే బొమ్మలో, గొంతు అడుగునుంచి ఎడమకి దిగి
గ్రంథిదాకా పోయిన తెల్లటి దారం.
వెంట్రుకంత.

"తల్లి కడుపులోనే పూడిపోవాల్సింది,
పూడలేదు" అంది లామారా.
"నేనేం తిన్నానప్పుడు? ఏం మోశాను?" అంది నా భార్య ఎతేరీ.
"ఏమీ లేదమ్మా. ఎవరి తప్పూ కాదు."
ఎతేరీ మళ్లీ అడిగింది.
లామారా మళ్లీ అదే జవాబు, అదే నిదానంతో.

గ్రంథిలో సగం కోసెయ్యొచ్చు, ఒక పద్ధతి.
ఆమె ఆ పద్ధతిని పక్కకి జరిపింది.
"దొంగ దూరాడని కాపలావాణ్ని నరుకుతామా?
ముందు తలుపు మూసి చూద్దాం."

పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదంటారు.
నా బిడ్డకి
నోట్లోంచి దించిన సన్నటి గొట్టం చివర
ఒక్క నిప్పుచుక్కతో పోయింది.
అరగంట కూడా పట్టలేదు.
నేను వ్యానులో కూర్చుని
స్టీరింగు మీది పాత ప్లాస్టిక్ తొడుగంతా గోళ్లతో ఒలిచేశాను.

ఈ చలికాలం జలుబు మళ్లీ వచ్చింది.
మూడు రాత్రులు లేచి మెడమీద చెయ్యి వేశాను.
చల్లగా ఉంది. నాలుగోరాత్రి
"నాన్నా, నీ చేతికి డీజిలు కంపు" అని తోసేసింది.

నెత్తురు పరీక్ష కాగితం వచ్చిన రోజు
గ్రంథి తన పని తాను చేసుకుపోతోందని అమ్మకి చదివి వినిపించాను.
వెల్లుల్లి కలిపిన ఉప్పు దంచుతూ వింది.
రోకలి ఆపి
తన మెడ తడుముకుంది.
"అయితే నా పోలిక కాదన్నమాట."
సిదోనియా రొట్టెముక్క ఆ ఉప్పులో అద్ది
నోట్లో పెట్టుకుని
ఏమీ ఆలోచించకుండా మింగేసింది.